ఏ పచ్చ?

ఆగస్టు చివరి శనివారం.
సారెమా దీవిలో గడ్డి కోతలైపోయాయి.
ఓక్ చెట్ల మొదళ్ళ దగ్గర మాత్రం,
కొడవలి తిరగని చోట,
పిచ్చిగడ్డి ఇంకా నడుము దాకా నిలబడి ఉంది.

మైమూ నా మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది.
ఇన్నాళ్ళూ ఆమె మెడలో
బూటు లేసుకి వేలాడిన భూతద్దం
ఈ ఏడాది నా మెడలోకి వచ్చింది.
"అంచులు కనిపిస్తాయి. నడిమధ్యే మసక.
నిన్ను చూస్తే నీ చెవులే కనిపిస్తాయి.
పెద్ద నష్టమేం లేదులే."

నేను కుయివాస్తు రేవులో
పడవలోకి కార్లు ఎక్కించే మనిషిని.
లారీ బరువు చూపుతో చెప్పేస్తాను.
ఆకు తిప్పి చూసిన పాపాన పోలేదు ఎప్పుడూ.

"తిప్పు" అంది.
తిప్పాను.
ఈనెకి అతుక్కుని ఓ గుండ్రటి కాయ,
రేగుపండంత, ఒక బుగ్గ ఎర్రబడి.
"ఓక్ చెట్టుకి ఇవేం పళ్ళు?"
"పళ్ళు కావు, మాచికాయలు.
ఓ బుల్లి కందిరీగ గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది.
చెట్టు దాని చుట్టూ గది కట్టి, తిండి కూడా పెడుతుంది.
ఎందుకని నన్నడక్కు,
చెట్టుని అడుగు."

వాళ్ళ తాత చర్చిలో గుమాస్తా.
ఈ కాయలు నలగ్గొట్టి, ఇనపమేకులతో నానబెట్టి
సిరా చేసేవాడట.
రాసినప్పుడు వెలిసిపోయినట్టుండి
రెండోనాటికి నల్లబడేదట అక్షరం.
పుట్టినవాళ్ళూ, సముద్రంలో పోయినవాళ్ళూ
అంతా ఒకే నలుపులో.

పోయిన శరదృతువులో ఒక కాయ ఇంటికి తెచ్చాను.
జామ్ సీసాలో వేసి, మూతికి పాత మేజోడు బిగించి
స్నానాలగది కిటికీలో పెట్టాను.
క్రిస్మస్‌కి నల్లటి కందిరీగ రావాలని మైమూ లెక్క.
రాలేదు.
జనవరిలో సముద్రం గడ్డకట్టింది, రాలేదు.
గడ్డం గీసుకుంటూ రోజూ చూసేవాణ్ణి,
ఇంట్లో ఎవరో పురిటికి ఉన్నట్టు.

ఏప్రిల్లో ఓ పొద్దున వచ్చింది. నల్లగా లేదు.
ఫోన్ చేశాను.
"ఏ రంగు?"
"పచ్చ."
"ఏ పచ్చ?"

ఆకు పచ్చ కాదు. సీసా పచ్చా కాదు.
ఫోన్ అలాగే పట్టుకుని
నా దగ్గరున్న పచ్చలన్నీ వెతుక్కున్నాను,
ఎన్నో లేవు.
"రేవులో వాన వెలిసాక
గుంటలో డీజిల్ చుక్క పడితే
ఓ పక్కనుంచి తేలుతుంది చూడు, ఆ పచ్చ.
వెనకాల సూది. ఒంటికంటే పొడుగు."

అవతల కుర్చీ కిర్రుమంది.
"అయితే అది కన్నంవేసిన దొంగ.
వాళ్ళమ్మ బయటినుంచే ఆ సూది గుచ్చి
నీ కాయలో గుడ్డు దించిపోయింది.
లోపలి బిడ్డని తిని, ఆ గదిలోనే పెరిగింది ఇది."

నాలుగు నెలలు నేను కాపలా కాసింది
ఎప్పుడో చచ్చిపోయినవాడికి.
మేజోడు విప్పాను.
అది అద్దం మీద కాసేపు కాళ్ళు తుడుచుకుని
వెళ్ళిపోయింది.
దాని మీద కోపం రావాలి కదా,
రాలేదు.

ఇదంతా తలుచుకుంటూ నడుస్తుంటే
భూర్జచెట్ల దగ్గర మైమూ ఠక్కున ఆగింది.
"కొబ్బరి."
ఈ చలిదేశంలో కొబ్బరేమిటి,
పెద్దావిడకి మతి పోయిందనుకున్నాను.
ఆమె మోకాళ్ళ మీద వంగి, నాచు తడిమి తడిమి
ఓ బూడిదరంగు పుట్టగొడుగుని పైకి తీసింది.
వాసన చూశాను.
బేకరీలో బిస్కెట్ల ట్రే తీసినట్టే ఉంది.
అంచు చిదిపితే తెల్లటి పాలు కారాయి,
అవి కళ్ళున్న నేను చెప్పాల్సివచ్చింది.

నోటుపుస్తకంలో ఇప్పుడు నా కోడిగీతలే.
లాటిన్ పేర్లు ఆమె అక్షరం అక్షరం పలుకుతుంది.
రంగు గడి దగ్గరకొచ్చేసరికి మాత్రం
నోరు మూసుకుని కూర్చుంటుంది.

సోమవారం రేవులో
ఓ డ్రైవరు అద్దం దించి అడిగాడు,
ఏ వరసలో పెట్టాలని.
"ఆ ఎర్రకారు వెనకాల" అన్నాను.
అని, చెయ్యి అలా గాల్లోనే ఉంచి
ఆ కారు వైపు చూస్తూ ఉండిపోయాను,
వెనకనుంచి హారన్లు మొదలయ్యేదాకా.